పదువా అంతోనివారి ఊరు: ఎక్కడ దిగాలి, ఏం చూడాలి, ఏది వదిలేయొచ్చు

వెనిస్ వెళ్ళే మనవాళ్ళలో చాలామంది పదువాని ఒక పూట పనిగా పెట్టుకుంటారు. పొద్దున్నే రైలెక్కి, కతోలిక పునీతుడు అంతోనివారి సమాధి మీద చెయ్యి పెట్టి, గుళ్ళో భద్రపరిచిన ఆయన నాలుక చూసి, కొవ్వొత్తి ఇచ్చేసి మధ్యాహ్నానికల్లా మళ్ళీ వెనిస్‌లో తేలతారు. అలా వెళ్తే గుడి చూసినట్టవుతుంది గానీ ఆయన గురించి తెలిసేది దాదాపు ఏమీ ఉండదు. నేను అమ్మనీ పిన్నినీ తీసుకుని వెళ్ళాను, ఇద్దరికీ మోకాళ్ళ నొప్పులు, కాబట్టి బస, నడక, మెట్ల సంగతి కూడా కలిపి రాస్తున్నా.

తెలుగు కతోలిక విచారణల్లో (చర్చి పరిధుల్లో) పెరిగినవాళ్ళకి అంతోనివారిని పరిచయం చెయ్యక్కర్లేదు, మంగళవారం నొవేనా (ఆయనకి వారం వారం చేసే ప్రార్థన) అంటే చాలు. మంగళవారమే ఎందుకంటే, 1231 జూన్ 13న శుక్రవారం నాడు ఆయన చనిపోతే సమాధి చేసింది 17న, మంగళవారం. మా అమ్మ బీరువా తాళం దగ్గర్నుంచి కుదరని సంబంధం దాకా అన్నీ ఆయనకే అప్పజెప్పే మనిషి, అందుకే పదువాలో కూడా మంగళవారం నాడే గుళ్ళో ఉండాలని టికెట్లు కొనకముందే తేల్చి చెప్పేసింది.

అయితే అమ్మకి తెలియని అంతోనివారు ఇంకొకరున్నారు. పుట్టింది ఇటలీలో కాదు, 1195లో లిస్బన్‌లో, కలిగిన ఇంట్లో, అసలు పేరు ఫెర్నాందో. కుర్రతనంలోనే అగస్టీన్ సన్యాస సభలో చేరి కోయింబ్రాలో చదువుకుంటుండగా, మొరాకోలో చంపబడిన ఐదుగురు ఫ్రాన్సిస్కన్ల (ఫ్రాన్సిస్ సభ సన్యాసుల) దేహాలు 1220లో ఆ ఊరికి వచ్చాయి. అది చూసి సభ మార్చుకుని, తానూ అలాగే ప్రాణం ఇవ్వాలని మొరాకో బయల్దేరారు. అక్కడ జబ్బు పడ్డారు, తిరిగి వస్తుంటే ఓడ గాలికి కొట్టుకుపోయి సిసిలీ చేరింది. ఆ తర్వాత ఉత్తర ఇటలీలో ఒక కొండమీద ఆశ్రమంలో ఎవరికీ తెలియకుండా పడి ఉన్న మనిషిని 1222లో ఫోర్లీలో అప్పటికప్పుడు ప్రసంగం చెప్పమని నిలబెట్టారు, అక్కడి నుంచి ఆయన నోటికి తిరుగులేకుండా పోయింది. చివరి రోజుల్లో పదువాలో ఆయన ఎక్కువగా విరుచుకుపడింది వడ్డీ వ్యాపారుల మీద. మీరు ఊళ్ళో తిరిగేటప్పుడు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, సగం చూడదగ్గవి దీని చుట్టూనే ఉన్నాయి.

బస విషయానికొస్తే, వెనిస్‌లో దిగి ఇక్కడికి రావడం కన్నా ఇక్కడ దిగి వెనిస్ వెళ్ళడమే మేలు. స్పీడ్ రైలు అరగంట లోపు, మామూలు రీజనల్ రైలైతే ఇంకాస్త ఎక్కువ, కానీ టికెట్ నాలుగైదు యూరోల్లో అయిపోతుంది (కాగితం టికెట్ కొంటే ప్లాట్‌ఫారం దగ్గర మిషన్‌లో ముద్ర వేయించుకోవడం మర్చిపోకండి, జరిమానా ఘోరంగా ఉంటుంది). రైలు టికెట్ మీద, స్టేషన్ బోర్డు మీద పాదోవా అని ఉంటుంది, కంగారు పడొద్దు. గది అద్దె వెనిస్‌తో పోలిస్తే బాగా తక్కువ.

మొదట మేము స్టేషన్ దగ్గర ఒక అపార్ట్‌మెంట్ తీసుకున్నాం, చవగ్గా ఉందని. లిఫ్ట్ ఉందని రాసి ఉంది, ఉంది కూడా, కాకపోతే అది సగం అంతస్తు మెట్లు ఎక్కాక మొదలవుతుంది! క్లీనింగ్ కింద వాళ్ళు విడిగా వసూలు చేసింది చూస్తే చవక ఎక్కడికి పోయిందో అర్థం కాలేదు. తర్వాత బాసిలికాకి (అంతోనివారి సమాధి ఉన్న పెద్ద గుడికి) దగ్గర్లో యాత్రికుల కోసం నడిపే బసకి మారాం. టీవీ, పరుపు అన్నీ పాతకాలం నాటివే, గోడమీద సిలువ, కింద కాఫీ, రొట్టె, జామ్‌తో టిఫిన్, గంటల మోతకి పొద్దున్నే మెలకువ వచ్చేస్తుంది. కానీ పెద్దవాళ్ళు తమంతట తామే రెండు నిమిషాల్లో గుడికి వెళ్ళి రాగలగడం ముందు ఇవన్నీ లెక్కలోకి రావు. అమ్మావాళ్ళు పొద్దుటి పూజకి నన్ను లేపకుండానే వెళ్ళొచ్చేవాళ్ళు, ఆ ఒక్కదానికే నేను వంద మార్కులు వేస్తా. ఊరి పన్ను మాత్రం తలకింత అని చెకౌట్ దగ్గర విడిగా కట్టాలి, అది ఎక్కడ దిగినా తప్పదు.

స్టేషన్ నుంచి బాసిలికా దాకా ట్రామ్ ఉంది, కింద మధ్యలో ఒకే ఒక్క పట్టా, పైన రబ్బరు టైర్లు, చూడ్డానికి విచిత్రంగా ఉంటుంది. సాంతో స్టాప్‌లో దిగి కొంచెం నడిస్తే గుమ్మటాలు కనిపిస్తాయి. గుడి ముందు ఎత్తైన దిమ్మె మీద గుర్రమెక్కిన కంచు విగ్రహాన్ని చూసి పిన్ని చెప్పులు విప్పి దండం పెట్టేసింది. ఆయన అంతోనివారు కాదు, గత్తమెలాతా అనే కిరాయి సేనాని, శిల్పి దొనాతెల్లో 1453లో పూర్తి చేసిన విగ్రహం. "పోనీలేరా, గుడి ముందున్నాడుగా" అంది పిన్ని.

బాసిలికాలోకి టికెట్ లేదు. భుజాలు, మోకాళ్ళు కప్పుకుని ఉండాలి, మన చీరలకీ పంజాబీ డ్రెస్సులకీ అసలు సమస్యే రాదు. పొద్దున్నే వెళ్ళండి, పదకొండు దాటాక బస్సుల్లో గుంపులు దిగుతాయి. ఎడమవైపు సమాధి మందిరం. అందరూ వరసలో వెనక్కి వెళ్ళి రాతి పలక మీద అరచెయ్యి పెట్టి నిలబడతారు, ఎవరూ తొందర పెట్టరు, అది నాకు బాగా నచ్చింది. పక్కన జనం తెచ్చి పెట్టిన ఫొటోలు ఉంటాయి: నుజ్జయిన కార్లు, ఆసుపత్రి మంచం మీద పిల్లలు, అప్పుడే పుట్టిన కవలలు. అమ్మ తన చీటీల కట్ట తీసింది, మా వీధిలో వాళ్ళందరి మనవులూ ఆ కట్టలోనే ఉన్నాయి.

సమాధి చుట్టూ గోడల మీద పాలరాతి శిల్పాలు తొమ్మిది ఉన్నాయి. ఎక్కువమంది సమాధి మీదే చూపు పెట్టి వీటిని దాటేస్తారు. వాటిలో తుల్లియో లొంబార్దో 1525లో చెక్కిన పిసినారి గుండె దృశ్యం దగ్గర ఆగండి. వడ్డీ వ్యాపారి చనిపోతే, వాడి గుండె ఒంట్లో ఉండదు, డబ్బు పెట్టెలో వెతకండి అని అంతోనివారు ప్రసంగంలో అంటారు, ఒళ్ళు కోసి చూస్తే నిజంగానే ఉండదు, పెట్టెలో నాణేల మధ్య దొరుకుతుంది. రాతిలో ఆ శవం చుట్టూ వంగి చూస్తున్నవాళ్ళ మొహాలు ఒక్కొక్కటీ ఒక్కో రకంగా ఉంటాయి. ఇదే కథని దొనాతెల్లో కూడా కంచులో పోతపోశాడు, అది ప్రధాన పీఠం దగ్గర ఉంది గానీ దూరం నుంచే చూడాలి.

నాలుక గుడి వెనక భాగంలో, అవశేషాల మందిరంలో ఉంటుంది. చనిపోయిన 32 ఏళ్ళకి, 1263లో, అప్పటి ఫ్రాన్సిస్కన్ సభ పెద్ద బొనవెంతూరవారి ఎదుట పెట్టె తెరిస్తే ఒళ్ళంతా మట్టయినా నాలుక చెడకుండా ఉందట. ఇప్పుడు చూస్తే బంగారు పనితనం మధ్య చిన్న గోధుమరంగు ముక్క, అంతే. పెద్దగా ఊహించుకుని వెళ్ళినవాళ్ళకి కాస్త నిరాశే. దవడ ఎముక కూడా ఇక్కడే ఉంది, 1991లో సాయుధ దొంగలు దాన్నే ఎత్తుకుపోయారు. పోయినవి వెదికిపెట్టే ఆయన సొత్తే పోయిందన్నమాట! అదే ఏడాది దొరికింది లెండి.

కొవ్వొత్తులు బయట బండ్ల మీద అమ్ముతారు, లోపల స్టాండులో పెడతాం, వెలిగించే పని ఎక్కువగా ఉండదు. జపమాలలు, పతకాలు బయట చవక, కానీ నాణ్యత తేడా ఉంది, పంచడానికైతే బయట, ఇంట్లో పెట్టుకోవడానికైతే లోపలి దుకాణం. పాపసంకీర్తనానికి వేర్వేరు భాషల గురువులు ఉంటారు, తెలుగు మాత్రం ఆశించకండి.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. బాసిలికా నుంచి పది పదిహేను నిమిషాలు నడిస్తే కూరగాయల బజారు మధ్యలో పలాత్సో దెల్లా రజోనే, పాత న్యాయస్థానం. కింద మాంసం, చీజు, చేపల అంగళ్ళు, పైన దాదాపు 80 మీటర్ల పొడవున ఒకే ఒక్క హాలు, పడవని బోర్లించినట్టుండే చెక్క కప్పు. టికెట్ ఉంది, సోమవారం మూసేస్తారు. హాల్లో పెద్ద చెక్క గుర్రం దగ్గరే అందరూ ఫొటోలు దిగుతారు. మీరు మూలకి వెళ్ళి, దిమ్మె మీదున్న నల్లరాయిని చూడండి.

అప్పటిదాకా పదువాలో అప్పు తీర్చలేనివాణ్ణి జైల్లో వేసేవాళ్ళు, తీర్చేదాకా అక్కడే. లోపలున్నవాడు సంపాదించేదెప్పుడు, తీర్చేదెప్పుడు? 1231 మార్చి 15న ఊరి పాలకమండలి ఒక చట్టం చేసింది, ఆస్తి మొత్తం వదులుకునేవాణ్ణి అప్పు కోసం చెరలో పెట్టకూడదని, అది ఫ్రాన్సిస్కన్ అంతోని అభ్యర్థన మీదే చేస్తున్నామని చట్టంలోనే రాసుకున్నారు. జైలు తప్పింది గానీ పరువు పోవడం తప్పలేదు. దివాలా తీసినవాడు లోదుస్తులతో వచ్చి, కనీసం వందమంది చూస్తుండగా ఈ రాయి మీద మూడుసార్లు పిర్రలు ఆనించి, ఆస్తి వదులుకుంటున్నానని లాటిన్‌లో అనాలి, తర్వాత ఊరొదిలి పోవాలి. రాయి పైభాగం నున్నగా అరిగి ఉంది. కాల్‌మనీ గొడవలు చూసిన బెజవాడ చుట్టుపక్కలవాళ్ళకి ఇక్కడ నేను విడిగా వివరించేదేమీ లేదు. ఇన్నేళ్ళ నొవేనాల్లో ఈ ముక్క ఏ ఫాదరూ చెప్పలేదేంటని అమ్మ నన్ను నిలదీసింది, నేనేదో దాచినట్టు.

ఈ వడ్డీ కథకే ముడిపడిన చోటు ఇంకొకటి, స్క్రొవేన్యి మందిరం. చిత్రకారుడు జొత్తో గోడల మీద వేసిన బొమ్మల కోసం ప్రపంచం అంతా వస్తుంది, కానీ కట్టించిన ఎన్రీకో తండ్రి రెజినాల్దో పేరుమోసిన వడ్డీ వ్యాపారి, కవి దాంతే ఆయన్ని తన కావ్యంలోని నరకంలో కూర్చోబెట్టాడు. ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి, టికెట్ పదిహేను యూరోల దాకా అవుతుంది. ముందు ఒక ఏసీ గదిలో పావుగంట కూర్చోబెడతారు, తర్వాత లోపల పావుగంట. ఆ నీలం పైకప్పు కింద పావుగంట చాలదు, అయినా వదలొద్దు. కాళ్ళ నొప్పులవాళ్ళకి కూడా సులువే, అంతా నేల మీదే.

పదువా దగ్గరి కంపోసంపియేరో అనే ఊరు వెళ్ళాలా వద్దా అని అడిగితే, భక్తితో వచ్చినవాళ్ళు తప్పక వెళ్ళండి, మిగతావాళ్ళు వదిలేయొచ్చు. ఉత్తరంగా 20 కిలోమీటర్లు, రైలుంది. చివరి రోజుల్లో ఒంట్లో బాగాలేక ఆయన ఇక్కడ అక్రోటు చెట్టు కొమ్మల మధ్య చిన్న గుడిసె కట్టించుకుని ఉన్నారు, కిందకి జనం వస్తే అక్కడి నుంచే మాట్లాడేవారు. ఆ జ్ఞాపకంగా చిన్న గుడి ఉంది, కొంచెం అవతల బాలయేసు దర్శనం జరిగిందని చెప్పే గది ఉంది. చెట్ల నీడ, మనుషుల సందడి లేదు, ఫ్రాన్సిస్కన్లు నడిపే ధ్యాన గృహంలో గదులు కూడా ఇస్తారు. మేము వెళ్ళేసరికి మధ్యాహ్నం విరామం, మూసేశారు, బెంచీ మీద కూర్చుని పులిహోర పొట్లాలు విప్పాం (రైస్ కుక్కర్ మోసుకెళ్ళిన ఘనత పిన్నిదే). పొద్దున పూటే వెళ్ళండి.

ఇక్కడి నుంచే ఆయన్ని ఎద్దుల బండి మీద పదువాకి తీసుకెళ్తుంటే, ఊరి పొలిమేరలో అర్చెల్లా దగ్గర ప్రాణం పోయింది. ఇప్పుడది స్టేషన్ వెనక, బంగ్లాదేశ్, నైజీరియా, చైనా దుకాణాలున్న వలస జనం పేట. చనిపోయిన చోటు గుళ్ళో ఉంది, మేము వెళ్ళినప్పుడు మాతో పాటు ఇంకో ముసలాయన తప్ప ఎవరూ లేరు. ఆ వీధిలోనే కందిపప్పు, కరివేపాకు దొరికాయి కాబట్టి పిన్నికి పదువాలో అన్నిటికన్నా నచ్చిన పేట ఇదే.

లిస్బన్ గురించి అడుగుతారని తెలుసు. ఆయన పుట్టిన ఇంటి చోట, పెద్ద గుడికి ఆనుకునే చిన్న గుడి ఉంది, 1755 భూకంపంలో కూలితే పిల్లలు వీధుల్లో చిల్లర అడుక్కుని మరీ డబ్బు పోగుచేసిపెట్టారు. కింద నేలమాళిగ గదిలో ఐదు నిమిషాలకి మించి చూసేదేమీ లేదు, దానికోసమే అంత దూరం వద్దు. వెళ్తే మాత్రం ఆయన పండగ ముందు రాత్రి, జూన్ 12కి వెళ్ళాలి, ఆల్‌ఫామా అనే పాత పేట సందుల్లో సార్డీన్ చేపలు కాలుస్తూ, మన తులసి జాతి మొక్కని చిన్న కుండీల్లో కవిత చీటీ గుచ్చి అమ్ముతూ తెల్లార్లూ ఊరంతా వీధిలోనే ఉంటుంది. పెద్దవాళ్ళతో ఆ తోపులాట కష్టం, నేను మళ్ళీ స్నేహితులతో వెళ్తా. ఆ రాత్రికి గది కావాలంటే మాత్రం చలికాలంలోనే పట్టేయండి, మే నెలలో చూస్తే మిగిలేవి మూడు రెట్ల రేటుకి ఊరి చివరి గదులే.