మైనర్ లీగ్ కుర్రాళ్లను కంప్యూటర్ దేన్ని చూసి పంచాలి? రేటింగా, వయసా, గణాంకాలా, ఆడే అవకాశమా: ఏది మేలు?

నేను ఆడేది బేస్‌బాల్ క్లబ్బును నడిపే కంప్యూటర్ గేమ్. మేజర్ లీగ్ టీమ్‌తో పాటు దాని కింద కుర్రాళ్లు ఎదిగే మైనర్ లీగ్ టీములూ అందులో ఉంటాయి. గేమ్‌లో జూలై మూడో వారం నడుస్తోంది. మేజర్ లీగ్‌కు రెండు మెట్ల కింద ఉండే నా డబుల్-ఎ టీమ్ పేజీ తెరిస్తే షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) దగ్గర ముగ్గురు కనిపించారు. ఒకడికి 27 ఏళ్లు, ఇక రేటింగ్ పెరిగే వయసు కాదు. ఇంకొకడికి 24. మూడోవాడికి 20. మా సంస్థ మొత్తంలో అందరికంటే ఎక్కువ పొటెన్షియల్ (ముందు ముందు ఎదగగల స్థాయి) ఉన్న కుర్రాడు వాడే. సీజన్ మొదలైన దగ్గర్నుంచి వాడు బ్యాట్ పట్టుకుని ప్లేట్ దగ్గరికి వచ్చింది 61 సార్లు. మిగతా రోజులన్నీ బెంచి మీదే గడిచిపోయాయి. నాలుగు నెలలు నేను చూసుకోలేదు, కంప్యూటర్‌కీ పట్టలేదు.

విడివిడిగా చూస్తే ఆ ముగ్గురూ సరైన లెవెల్లోనే ఉన్నారు. ముగ్గురి రేటింగూ డబుల్-ఎకి సరిపోతుంది కాబట్టి కంప్యూటర్ ముగ్గురినీ అక్కడ పెట్టింది. ఒక మ్యాచ్‌లో షార్ట్‌స్టాప్‌గా ఆడేది ఒక్కడే అన్న సంగతే దాని లెక్కలో లేదు. బేస్‌బాల్ మేనేజ్‌మెంట్ గేముల్లో మైనర్ లీగ్ పంపకాల గురించి ఎవరు మాట్లాడినా "వీడు ఏ లెవెల్‌కి తగినవాడు?" అనే అడుగుతారు. నేను ముందు అడిగేది వేరు. ఆ లెవెల్లో వాడికి ఆడటానికి చోటుందా?

అసలు పని ఎంత పెద్దదో చూద్దాం. 2021లో మైనర్ లీగ్‌ల వ్యవస్థను మార్చినప్పటి నుంచి ఒక్కో మేజర్ లీగ్ క్లబ్బుకు నాలుగు పూర్తి సీజన్ టీములున్నాయి, పైనుంచి కిందికి: ట్రిపుల్-ఎ, డబుల్-ఎ, హై-ఎ, సింగిల్-ఎ. 30 క్లబ్బులకు కలిపి 120 టీములు. వీటి కింద అరిజోనా, ఫ్లోరిడాల్లో కాంప్లెక్స్ లీగ్‌లు, ఇంకా కింద డొమినికన్ సమ్మర్ లీగ్. మన క్లబ్బు సంగతి మనం చూసుకుంటాం, సరే. మిగతా 29 క్లబ్బులను నడిపేది కంప్యూటరే. అక్కడ కుర్రాళ్లు బెంచి మీద కూర్చుని పాడైపోతే పదేళ్ల తర్వాత మన గేమ్‌లో ట్రేడ్‌కీ (క్లబ్బుల మధ్య మార్పిడికి) ఫ్రీ ఏజెన్సీకీ (ఒప్పందం ముగిసి ఏ క్లబ్బుకైనా వెళ్లగలిగే దశకు) వచ్చే ఆటగాళ్లు వాళ్లే. లీగ్ మొత్తం చప్పబడిపోతుంది. అందుకే, నేను నా టీమ్‌ను చేత్తో సర్దుకుంటాను కాబట్టి నాకేం నష్టం లేదు అనుకోవడం పొరపాటు.

రేటింగ్ చూసి పంచడం

ఎక్కువ గేములు ముందుగా పట్టుకునే దారి ఇదే. అందరినీ ప్రస్తుత రేటింగ్ ప్రకారం వరుసలో నిలబెట్టి, పైనుంచి నింపుకుంటూ రావడం. ట్రిపుల్-ఎ నిండాక డబుల్-ఎ, ఆ తర్వాత హై-ఎ. ఈ పద్ధతిలో మంచి గుణాలు లేకపోలేదు. త్వరగా అయిపోతుంది, అర్థం చేసుకోవడం తేలిక, మైనర్ టీములు బాగా గెలుస్తాయి. ఎవరికి గాయమైనా పైకి ఎవరిని పిలవాలో ఆలోచించక్కర్లేదు.

ఇందులో రెండు లోపాలున్నాయి. మొదటిది, ఈ వరుసలో 29 ఏళ్ల ఆటగాడూ 20 ఏళ్ల కుర్రాడూ సమానం. ఇవాళ్టి రేటింగ్ ఇద్దరికీ ఒకటే అయినా ఒకడికి ఇవాళే శిఖరం, ఇంకొకడికి ఇంకా మొదటి మెట్టు. రెండోది, గీత మీద నిలబడినవాళ్ల అవస్థ. 20 నుంచి 80 దాకా ఉండే స్కౌటింగ్ స్కేల్‌లో (ఆటగాళ్లను అంచనా వేసే స్కౌట్లు వాడే కొలతలో) 45 వస్తే పైకి, రాకపోతే కిందికి అని నియమం పెడితే 44, 45 మధ్య ఊగే కుర్రాడు నెలకోసారి బ్యాగు సర్దుకోవాల్సిందే. దీనికి మందు తేలికే: ఎక్కే గీత ఒకచోట, దిగే గీత ఇంకోచోట పెట్టాలి. పైకి పంపడానికి 45 కావాలి, కిందికి దించడానికి మాత్రం 40 కంటే తగ్గాలి. ఈ ఒక్క మార్పుతో అనవసరమైన రాకపోకలు చాలావరకు ఆగిపోతాయి. గేమ్ చేసేవాళ్లు ఇంకేమీ మార్చకపోయినా ఇదొక్కటైనా మార్చాలని నా కోరిక.

రేటింగ్‌ను నమ్మి పెద్ద అంగ వేయించడం నిజం బేస్‌బాల్‌లోనూ ఉంది. 2023లో శాన్ డియేగో పాడ్రేస్ ఈథన్ సాలస్ అనే క్యాచర్‌ను 17 ఏళ్ల వయసులోనే సింగిల్-ఎ నుంచి హై-ఎ మీదుగా డబుల్-ఎ దాకా తీసుకెళ్లింది. హై-ఎలో ఆడింది కొద్ది మ్యాచ్‌లే, అక్కడ కొట్టిందీ పెద్దగా ఏమీ లేదు. స్కౌట్లకు అతని ఆట మీదున్న నమ్మకమే అతన్ని పైకి పంపింది. మరుసటి ఏడాది 2024లో మళ్లీ హై-ఎలోనే ఆడించారు. గేమ్‌లో కంప్యూటర్ ఇలా చేస్తే మనం బగ్ అంటాం. దాన్ని నేను తప్పనను. పైకి పంపినవాడిని ఒక మెట్టు దించి నిలబెట్టే తెలివి కూడా ఆ నియమంలో ఉండాలంతే.

వయసు చూసి పంచడం

ఈ పద్ధతి గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. సింగిల్-ఎలో 21 ఏళ్లు దాటగానే ముందుకు, డబుల్-ఎలో 25 దాటితే పైకో బయటికో అన్నట్టు నడుస్తుంది. బంతి తగలని 24 ఏళ్లవాడిని కేవలం పుట్టినరోజు వచ్చిందని పైకి నెడుతుంది. జాక్సన్ హాలిడే లాంటివాడిని కట్టి పడేస్తుంది. 2022 డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్లను క్లబ్బులు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో) అందరికంటే ముందు ఎంపికైన అతను 2023లో 19 ఏళ్ల వయసులో ఒకే సీజన్‌లో సింగిల్-ఎ, హై-ఎ, డబుల్-ఎ, ట్రిపుల్-ఎ నాలుగూ ఆడాడు. వయసు పట్టికతో నడిచే కంప్యూటర్ ఆ ఏడాదంతా అతన్ని మొదటి మెట్టు మీదే ఉంచేది.

చరిత్ర నుంచి ఆట మొదలుపెట్టేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. 1963కి ముందు బి, సి, డి తరగతి లీగ్‌లు కూడా ఉండేవి. ఇప్పటి నాలుగు మెట్లకు రాసిన వయసు పట్టిక 1950లో మొదలుపెట్టిన లీగ్‌కు అతకదు. వయసును కంచెలాగా వాడుకోవచ్చు: 17 ఏళ్లవాడిని ట్రిపుల్-ఎకి పంపకు, 27 ఏళ్లవాడితో సింగిల్-ఎలో చోటు నింపకు. అంతకుమించి దాని చేతికి పగ్గాలు ఇవ్వకూడదు.

గణాంకాలు చూసి పంచడం

వినడానికి అన్నిటికంటే న్యాయంగా అనిపించేది ఇదే. బాగా కొట్టినవాడు ఎక్కుతాడు, కొట్టనివాడు ఆగుతాడు. నేను కూడా చాలాకాలం ఇదే సరైందని వాదించాను. ఒకసారి కాగితం మీద లెక్క వేశాక మనసు మార్చుకున్నాను.

నిజమైన సామర్థ్యం 0.260 (అంటే 100 అట్-బ్యాట్‌లకు, బ్యాటింగ్ వంతులకు, 26 హిట్లు) ఉన్న బ్యాటర్‌ను తీసుకోండి. 100 అట్-బ్యాట్‌లలో కేవలం అదృష్టం వల్లే అతని సగటు 0.216 నుంచి 0.304 దాకా ఎక్కడైనా తేలొచ్చు. ముగ్గురిలో ఒకరు ఆ హద్దులు కూడా దాటిపోతారు. అంటే మే నెల మొదట్లో 0.310 కొడుతున్న కుర్రాడినీ 0.215 దగ్గర చతికిలబడినవాడినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఇద్దరూ ఒకే స్థాయి ఆటగాళ్లు అయ్యుండొచ్చు. కంప్యూటర్ మొదటివాడిని పైకి పంపి రెండోవాడిని కిందికి దించుతుంది. 400 అట్-బ్యాట్‌లకు వచ్చేసరికి ఆ ఊగిసలాట సగానికి తగ్గుతుంది, కానీ అప్పటికి సీజన్ దాదాపు అయిపోతుంది.

గణాంకాలనే చూడాలనుకుంటే సగటును వదిలేసి స్ట్రైకౌట్ల (మూడు స్ట్రైక్‌లతో అవుటవడం) శాతం, వాక్‌ల (నాలుగు చెడ్డ బంతులకు ఉచితంగా బేస్ దక్కడం) శాతం చూడమని చెప్పాలి. అవి తక్కువ అట్-బ్యాట్‌లతోనే కుదురుకుంటాయి. మైదానాన్ని కూడా లెక్కలో కలపాలి. పసిఫిక్ కోస్ట్ లీగ్‌లో ఆల్బకర్కీ సముద్రమట్టానికి 5,000 అడుగులకు పైన ఉంది, రీనో కూడా ఎత్తైన చోటే. అక్కడ బంతి దూరం పోతుంది, పిచ్చర్లకు (బంతి విసిరేవాళ్లకు) చెమటలు పడతాయి. ఆ సర్దుబాటు చేయని కంప్యూటర్ అక్కడి బ్యాటర్లను నెత్తిన పెట్టుకుంటుంది, మంచి పిచ్చర్లను కిందికి తోసేస్తుంది.

నిజం గణాంకాలు ఎంత బాగున్నా పై మెట్టు వేరే ఆటే. హాలిడే ట్రిపుల్-ఎ దాకా కొట్టుకుంటూ వెళ్లి 2024 ఏప్రిల్‌లో మేజర్ లీగ్‌లో అడుగుపెడితే మొదటి 34 అట్-బ్యాట్‌లలో వచ్చినవి రెండు హిట్లే. అతని క్లబ్బు బాల్టిమోర్ అతన్ని మళ్లీ తన ట్రిపుల్-ఎ టీమ్ నార్‌ఫోక్‌కు పంపింది. అలా పంపినందుకు అతని భవిష్యత్తేమీ మూసుకుపోలేదు, జూలై చివర్లో తిరిగి పిలిచారు. కంప్యూటర్ నేర్చుకోవాల్సిన తీరు ఇదే. దించడం శిక్ష కాదు, రోజూ ఆడే చోటుకు పంపడం.

ఆడే చోటు చూసి పంచడం

ఇది నా పద్ధతి, నా మొగ్గు ముందే చెప్పేస్తున్నాను. ఇందులో మొదట టీములను చూస్తాం, ఆటగాళ్ల దగ్గరికి ఆ తర్వాత వస్తాం. డబుల్-ఎలో సీజన్‌కు 138 మ్యాచ్‌లు. అంటే షార్ట్‌స్టాప్‌గా మొదలుపెట్టే అవకాశాలు 138. ముగ్గురు పంచుకుంటే తలా 46. డిజిగ్నేటెడ్ హిట్టర్‌తో (పిచ్చర్ బదులు బ్యాటింగ్ మాత్రమే చేసేవాడితో) కలిపి తొమ్మిది చోట్లకూ కలిపితే 1,242. పంచాల్సింది ఇదే, ఇంతకంటే ఒక్కటి కూడా ఎక్కువ లేదు.

కంప్యూటర్ ముందు సంస్థలో ఎదగాల్సిన 40 మందినో 50 మందినో వేరు చేయాలి. ఒక్కొక్కరికీ రేటింగ్‌ను బట్టి తగిన లెవెల్‌ను, దానికి ఒక మెట్టు కిందను, ఒక మెట్టు పైను చూసి, ఏ చోట వాడి స్థానంలో రోజూ ఆడగలడో అక్కడ పెట్టాలి. ఇద్దరు ఒకే చోటికి వస్తే ఎక్కువ పొటెన్షియల్ ఉన్నవాడికి షార్ట్‌స్టాప్, రెండోవాడికి సెకండ్ బేస్. వాళ్లంతా కుదురుకున్నాక మిగిలిన ఖాళీలను 26, 27 ఏళ్లవాళ్లతో నింపాలి. ఇప్పుడు చాలా గేములు చేసేది దీనికి తలకిందులు: ముందు అనుభవజ్ఞులు కూర్చుంటారు, కుర్రాళ్లు సందు దొరికితే దూరతారు.

పిచ్చర్ల దగ్గర ఈ తేడా ఇంకా బాగా కనిపిస్తుంది. 22 ఏళ్ల స్టార్టర్ (మ్యాచ్ మొదలుపెట్టే పిచ్చర్) ట్రిపుల్-ఎకి ఎక్కుతాడు. అక్కడ రొటేషన్‌లో (వంతులవారీగా మ్యాచ్ మొదలుపెట్టే పిచ్చర్లలో) ఐదుగురూ 29, 30 ఏళ్లవాళ్లు, రేటింగ్ వీడికంటే రెండు పాయింట్లు ఎక్కువ. కంప్యూటర్ వీడిని బుల్‌పెన్‌లో, అంటే మధ్యలో దిగే రిలీవర్ల వరుసలో, కూర్చోబెడుతుంది. వారానికి మూడు ఇన్నింగ్స్ వేస్తూ వీడి స్టామినా రేటింగ్ కరిగిపోతుంది, వీడి మూడో రకం బంతి ఎదగదు. ఏడాది తిరిగేసరికి రిలీవర్ అని ముద్ర పడుతుంది. ఆ ఐదుగురిలో ఒకడిని బుల్‌పెన్‌కు జరిపి ఉంటే ఈ కథ ఉండేదే కాదు.

ఈ పద్ధతికీ ఖర్చుంది. మైనర్ టీములు కొన్ని మ్యాచ్‌లు ఎక్కువ ఓడతాయి. ట్రిపుల్-ఎ టైటిల్ మీద మోజున్నవాళ్లకు ఇది నచ్చదు. కోడ్ రాయడం కూడా కష్టమే, ఒకడిని కదిపితే ఇంకో నలుగురు కదలాలి. అయితే డొమినికన్ లీగ్‌ను పక్కన పెడితే ఒక్కో క్లబ్బులో మైనర్ లీగ్ ఆటగాళ్లు నూట అరవై చిల్లర, మొత్తం మీద ఐదు వేల లోపు. ఈ లెక్కను రోజూ కాకుండా విడతలుగా చేస్తే గేమ్ నత్తనడక నడుస్తుందన్న భయం అక్కర్లేదు.

విడతలు అన్నాను కాబట్టి ఆ మాట కూడా. గాయాల ఖాళీలను ఏ రోజుకారోజు నింపాల్సిందే, వాటికి అనుభవజ్ఞులు చాలు. ప్రాస్పెక్ట్‌లను (ఎదగాల్సిన కుర్రాళ్లను) మాత్రం నెలకోసారి, ఆపైన జూలైలో డ్రాఫ్ట్ అయ్యాక ఒకసారి కదిపితే సరిపోతుంది. 20 రౌండ్ల డ్రాఫ్ట్ నుంచి కొత్తవాళ్లు వచ్చి కింద చేరగానే పైవాళ్లు ఎలాగూ జరగాలి. రూల్ 5 డ్రాఫ్ట్ (వేరే క్లబ్బుల మైనర్ లీగ్ ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్) కూడా కంప్యూటర్ కంటికి ముందే కనిపించాలి. 18 ఏళ్లకో అంతకు ముందో సంతకం చేసినవాడిని ఐదు సీజన్లు, 19 నిండాక చేసినవాడిని నాలుగు సీజన్లు గడిచేసరికి మేజర్ లీగ్ క్లబ్బు 40 మంది జాబితాలో చేర్చాలి, లేదంటే వేరే క్లబ్బు ఎత్తుకుపోవచ్చు. ఆ గడువు ఇంకో ఏడాదే ఉన్నవాడిని హై-ఎలో ఖాళీగా ఉంచడం అంటే వాడి విలువేంటో తెలుసుకోకుండానే నిర్ణయానికి కూర్చోవడం.

మన టీమ్ వరకు వస్తే పూర్తిగా చేత్తో చేసుకోవడమా, పూర్తిగా కంప్యూటర్‌కి వదిలేయడమా? నేను పై 15 మందిని నా చేతిలో పెట్టుకుని, కంప్యూటర్ కదపకుండా లాక్ చేస్తాను, మిగతావాళ్లను దానికి వదిలేస్తాను. ఇంతకంటే మంచి దారి నాకు దొరకలేదు. దీంట్లోనూ ఒక దెబ్బ తిన్నాను. సింగిల్-ఎలో లాక్ చేసిన ఒక లెఫ్ట్ హ్యాండ్ పిచ్చర్‌ను మర్చిపోయి సీజన్నర అక్కడే ఉంచేశాను. గేమ్ ఒక్కసారి కూడా గుర్తు చేయలేదు. లాక్‌కు గడువుండాలి, "ఈ లాక్ వేసి ఆరు నెలలైంది, ఉంచాలా?" అని ఒక మెసేజ్ రావాలి. అడగడానికి చిన్న విషయమే, కానీ ఆ పిచ్చర్‌కు పోయిన ఏడాదిన్నర చిన్నది కాదు.

ఆ జూలైలో ముగ్గురు షార్ట్‌స్టాప్‌ల పేజీ ముందు చాలాసేపు కూర్చున్నాను. 27 ఏళ్లవాడిని ట్రిపుల్-ఎ బెంచికి పంపాను, 24 ఏళ్లవాడిని సెకండ్ బేస్‌కి జరిపాను. 20 ఏళ్లవాడి పేరు లైనప్‌లో రెండో స్థానంలో రాసి లాక్ చేశాను. సీజన్ ముగిసేసరికి వాడు ప్లేట్ దగ్గరికి వచ్చిన లెక్క 61 నుంచి 270 దాటింది. సగటు మాత్రం 0.238 దగ్గరే ఆగింది. మరుసటి ఏప్రిల్‌లో వాడిని అదే డబుల్-ఎలో, అదే షార్ట్‌స్టాప్ దగ్గర, మొదటి రోజు నుంచే పెట్టాను.