సీడీని ఒకేసారి రాసి మూసేయాలా, సెషన్లుగా రాసుకుంటూ పోవాలా: ఏది మేలు?

పోయిన నెల మా పిన్ని ఒక పాత సీడీ తెచ్చింది. పైన మార్కరుతో "పెళ్లి, పుట్టువెంట్రుకలు, గృహప్రవేశం" అని రాసుంది. కంప్యూటర్‌లో పెడితే గృహప్రవేశం ఫొటోలే కనిపించాయి. "పెళ్లి ఫొటోలు పోయినట్టేనా నాన్నా?" అంటూ ఆవిడ ముఖం చిన్నబుచ్చుకుంది. సీడీని తిరగేసి ట్యూబ్‌లైటు కింద పట్టుకున్నాను. లోపలి అంచు నుంచి సగం పైదాకా రంగు మారి ఉంది, నడుమ రెండు చోట్ల ఛాయ తేడాగా వలయాలున్నాయి. రాసింది ఎక్కడికీ పోలేదు, మూడు సెషన్లుగా, అంటే మూడు విడతలుగా రాసి ఉందంతే.

సీడీ-ఆర్ (ఒకసారే రాయగల సీడీ) మీద ఒకసారి కాల్చింది, అంటే రాసింది, చెరగదు. ప్రతి సెషన్‌కూ ముందు లీడిన్ అనే మొదలు భాగం, వెనక లీడౌట్ అనే ముగింపు భాగం ఉంటాయి. ట్రాకులు ఎక్కడ మొదలవుతాయో చెప్పే పట్టిక లీడిన్‌లో ఉంటుంది. కంప్యూటర్ చివరి సెషన్ ఎక్కడ మొదలైందో డ్రైవ్‌ని అడిగి, అక్కడి నుంచి 16 సెక్టార్లు (సీడీ మీది చిన్న చిన్న గళ్లు, ఒక్కోదాంట్లో 2 కేబీ పడుతుంది) దాటాక ఉండే వివరాన్ని బట్టి ఫోల్డర్లు చూపిస్తుంది. పాత ఫైళ్ల చిరునామాలు కూడా ఆ కొత్త జాబితాలో చేరి ఉంటే అన్నీ కనిపిస్తాయి. రాసేటప్పుడు పాత సెషన్‌ని ఇంపోర్ట్ చేయడం అంటే ఇదే. పిన్ని సీడీ మూడోసారి రాసినవాళ్లు ఆ పని చేయలేదు. సీడీల్లోంచి డేటా వెలికితీసే ఐసోబస్టర్ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే మూడు సెషన్లూ విడివిడిగా వచ్చాయి, పెళ్లి ఫొటోలన్నీ దొరికాయి. లైనక్స్‌లో అయితే మౌంట్ చేసేటప్పుడు సెషన్ నంబరు ఇచ్చే వీలుంది.

ఈ పద్ధతిని జనంలోకి తెచ్చింది 1992లో వచ్చిన కొడాక్ ఫొటో సీడీ. ఒక రీలు కడిగించి సీడీలోకి ఎక్కించుకుని, తర్వాతి రీలు అదే సీడీకి చేర్చుకోవచ్చు. అప్పటి పాత డ్రైవ్‌లకు మొదటి సెషన్ దాటి చూడటం తెలియదు. కారులో, ఇంట్లో ఉండే చాలా పాటల ప్లేయర్లకు ఇప్పటికీ అంతే. అందుకే పాటల సీడీని ముక్కలుగా రాయకూడదు, రెండో సెషన్‌లోని పాట మోగదు.

చోటు లెక్క చూద్దాం. మొదటి సెషన్ లీడౌట్ 6750 సెక్టార్లు, అంటే దాదాపు 13 ఎంబీ. ఆ తర్వాత ప్రతి సెషన్‌కూ లీడిన్ 4500, లీడౌట్ 2250, కలిపితే మళ్లీ అంతే. పది సెషన్లు రాస్తే 700 ఎంబీలో 130 ఎంబీ పైగా వీటికే పోతుంది. రోజూ రెండు వర్డ్ ఫైళ్లు చేర్చేవాళ్లకు ఇది గిట్టదు, నెలకో రెండు నెలలకో వంద ఎంబీ ఫొటోలు చేర్చేవాళ్లకు పర్వాలేదు.

మూడో దారి ప్యాకెట్ రైటింగ్, అంటే ఎప్పటికప్పుడు చిన్న చిన్న ముక్కలుగా రాసుకుంటూ పోవడం. విండోస్ 7 నుంచి ఖాళీ సీడీ పెట్టగానే "యూఎస్‌బీ డ్రైవ్‌లా వాడాలా" అని అడిగేది ఇదే. ఫైలు లాగి పడేస్తే చాలు, చూడ్డానికి హాయిగా ఉంటుంది. సీడీ-ఆర్ మీద మాత్రం నేను దీన్ని గట్టిగా వద్దంటాను. ఫైలు డిలీట్ చేస్తే పేరు మాయమవుతుంది కానీ చోటు తిరిగి రాదు. సెషన్ మూయకుండా బయటికి తీస్తే పట్టిక లీడిన్‌లోకి ఎక్కదు, మామూలు సీడీరామ్ డ్రైవ్‌కు అది ఖాళీ సీడీతో సమానం. ఒకసారి రాస్తుండగా కరెంటు పోయి, ఆఫీసు ఖాతాల సీడీ ఒకటి నా చేతుల్లోనే తెరుచుకోకుండా పోయింది.

దాచుకోవలసినదైతే, సీడీ నిండేంత సరుకు చేతిలో ఉంటే, ఒకేసారి రాసి, ఇంకేమీ చేర్చే వీల్లేకుండా మూసేయడమే మేలు. ఎక్కడైనా చదువుతుంది, చోటూ వృథా కాదు. సరుకు విడతలుగా వస్తుంటే సెషన్లే నయం, ఎందుకంటే పొరపాటు జరిగినా పాతది కింద పదిలంగా ఉంటుంది. ప్యాకెట్ రైటింగ్‌లో ఆ భరోసా నాకు కనిపించలేదు. సెషన్ కలిపే ప్రతిసారీ పాతవాటి ఫోల్డర్లు తెరమీద కనిపించాకే బర్న్ నొక్కాలి.

పిన్ని ఫొటోలన్నీ హార్డ్‌డిస్క్‌లోకి తీసి, కొత్త సీడీలో ఒకేసారి రాసి మూసేశాను. పాతదాన్ని పారేయనివ్వలేదు. దాని మీద మార్కరుతో "3 సెషన్లు" అని రాసి కవరులో పెట్టి ఇచ్చాను.