మూడో తరం ఇంటికి వెళ్లిన కొత్తవాడ జంపఖానా

వరంగల్ పోచమ్మమైదాన్ వైపు నుంచి కొత్తవాడలోకి తిరిగితే, ముందు గదిలో దుకాణం, వెనుక రేకుల షెడ్డులో మగ్గాలు ఉన్న ఇళ్లు ఇంకా కొన్ని కనిపిస్తాయి. అలాంటి ఒక ఇంట్లో నిరుడు వేసవి చివర నేలమీద పరిచే నూలు జంపఖానాలు రెండు కొన్నాను. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న నమూనా రకం హైదరాబాద్‌లో కొత్త ఫ్లాట్‌లోకి మారిన మా అమ్మాయికి, దానికంటే చిన్నదైన చారల రకం నాకు. పెద్దదానికి 2,200 రూపాయలు, చిన్నదానికి 900 రూపాయలు తీసుకున్నారు. కొన్న మర్నాడే రాస్తే రంగు బాగుందని తప్ప చెప్పడానికి ఏమీ ఉండదు కనుక, మూడు ఉతుకులు, ఒక వానకాలం, ఒకసారి చాయ్ ఒలికిన సంఘటన కూడా గడిచాక రాస్తున్నాను.

మొదట సరుకు సంగతి. మంచి జంపఖానాలో పేక నూలు, అంటే అడ్డంగా నేసే దారం, పడుగును, అంటే మగ్గానికి నిలువుగా బిగించిన దారాన్ని, పూర్తిగా కప్పేస్తుంది. అందుకే దానికి పైభాగం, అడుగుభాగం అన్న తేడా ఉండదు, ఏ వైపు తిప్పి పరిచినా ఒకే నమూనా కనిపిస్తుంది. నేసే మనిషి పేకను దువ్వెనలాంటి ఇనుప పంజాతో ఎంత గట్టిగా కొట్టి దగ్గరకు చేర్చాడన్నదే దాని ఆయుష్షు. నేను తీసుకున్న పెద్దదానిలో ఎరుపు, నలుపు, గోధుమ రంగులు మెట్లుమెట్లుగా కలుస్తాయి. రంగు మారే చోట రెండు దారాలు ఒకదానికొకటి కొక్కెంలా పెనవేసుకుని ఉండాలి, లేకపోతే అక్కడ సన్నని చీలిక మిగిలి నాలుగు రోజుల్లో వేలు దూరేంత కంత అవుతుంది. ఏడాది తర్వాత కూడా ఆ కలయికల దగ్గర రెండు చేతులతో లాగి చూశాను, ఎక్కడా వెలుతురు కనిపించలేదు. అంచు ఒకచోట అర అంగుళం లోపలికి తగ్గింది. అది చేతిపనిలో సహజమే అని నేను సర్దుకున్నాను గానీ, టైల్స్ గీతకు సమాంతరంగా పరవాలనుకునే మా అమ్మాయికి అది లోపంగానే తోచింది. చారలది మాత్రం చెప్పుకోదగినంత గొప్పగా లేదు. ఒక మూల కుచ్చుల ముడి ఊడిపోయింది, నేనే వేసుకున్నాను.

ఎరుపు రంగు మొదటి ఉతుకులో దిగింది. దుకాణంలో ఈ మాట ముందే చెప్పి, మొదటిసారి ఉప్పునీళ్లలో విడిగా నానబెట్టమన్నారు కాబట్టి మోసపోయానని అనలేను. రెండో ఉతుకు నుంచి నీళ్లు తేటగా వచ్చాయి.

ఇదే దుకాణంలో 1960లలో మా నాన్న ఒక పెద్ద జంపఖానా కొన్నారు. అప్పుడు అమ్మినవారు ఇప్పటి యజమాని తండ్రి. నేను సంసారం పెట్టాక అది నా ఇంట్లో ఒక్కరోజు కూడా పరవలేదు. సోఫా సెట్టు కొన్న ఇంట్లో నేలమీద జంపఖానా ఏమిటన్న నామోషీ నాది. అది అటక మీద ఎలుకల పాలైంది. ఇప్పుడు మా అమ్మాయి, సోఫా అక్కర్లేదు, నేలమీదే కూర్చుంటాం, చేనేతదే కావాలి అని అడిగింది. తండ్రి గర్వంగా కొన్నది, కూతురు సిగ్గుపడి దాచినది, మనవరాలు ముచ్చటపడి అడిగినది ఒకే వస్తువు. ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి అనే సామెత దీనికి చక్కగా సరిపోతుందని కొనేటప్పుడు అనుకున్నాను. దుకాణం వెనుక షెడ్డు చూసి వచ్చాక అంత సులువుగా అనలేకపోతున్నాను.

మా నాన్న కొన్న జంపఖానా ఎందుకు పనికివచ్చేదో గుర్తుచేసుకుంటే ఆ రోజుల సంగతి కొంత బోధపడుతుంది. పెళ్లిలో బంతి భోజనానికి, పంచాయితీకి, చావు ఇంటి ముందు పలకరింపుకు, భజనకు అది పరిచేవారు. అయితే అందరికీ పరిచేవారు కాదు. ఉత్తర తెలంగాణ పల్లెల్లో దొర గడీ, అంటే భూస్వామి కోటలాంటి ఇల్లు, దాని ముందు ఎవరు నిలబడి మాట్లాడాలో, ఎవరు వట్టి నేలమీద కూర్చోవాలో, ఎవరికి జంపఖానా వేయాలో కులమే తేల్చేది. దొరలకు ఎదురుగా రైతుకూలీలు జరిపిన 1978 జగిత్యాల జైత్రయాత్ర తర్వాతి సంవత్సరాలలో గడీలు ఒక్కొక్కటే ఖాళీ అవుతూ, దొరలు పట్నాలు చేరారు. 1990ల తర్వాత టెంట్ హౌసుల్లోకి ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది. ఎవరు ముందొస్తే వారు కూర్చునే ఆ కుర్చీ, జంపఖానా మీదివాళ్లు, నేలమీదివాళ్లు అన్న గీతను పెద్దగా చప్పుడు చేయకుండానే చాలావరకు చెరిపింది. జంపఖానాలు కిరాయికి ఇచ్చే టెంట్ హౌసులే కొత్తవాడకు పెద్ద గిరాకీ కనుక, ఆ కుర్చీ ఈ మగ్గాల పొట్టకొట్టిందన్నది కూడా నిజమే. నేత మీద ఎంత ప్రేమ ఉన్నా, ఆ కుర్చీని తిట్టడానికి నాకు నోరు రాదు.

కాబట్టి మా అమ్మాయి ఇంటికి చేరినది పేరుకు మాత్రమే మా నాన్న కొన్న వస్తువు. అది ఇప్పుడు యోగాకు, పుస్తకం చదువుకోవడానికి, ఫోటోలో గది నిండుగా కనిపించడానికి పనికివస్తోంది. దానిమీద ఎవరు కూర్చోవాలి అన్న ప్రశ్నే ఆ ఇంట్లో లేదు. తరం తిరిగి వచ్చినట్టు కనిపించే చోట నిజానికి అర్థం మారిపోయి, వస్తువు ఒక్కటే తిరిగివస్తుంది.

దుకాణం విషయానికి వస్తే, తరాల గురించి ఆలోచించినవారిలో నాకు ముందుగా గుర్తొచ్చినవాడు ట్యూనిస్‌లో పుట్టిన ఇబ్న్ ఖల్దూన్. ఓరుగల్లు కోట 1323లో ఢిల్లీ సేనలకు చిక్కిన తొమ్మిదేళ్లకు, 1332లో పుట్టిన చరిత్రకారుడు ఆయన. ఒక ఇంటి వైభవం మామూలుగా నాలుగు తరాలకు మించి నిలవదని ఆయన వాదన. మొదటివాడు కష్టపడి కడతాడు, రెండోవాడు తండ్రిని దగ్గరుండి చూసి నేర్చుకుంటాడు, మూడోవాడు ఆనవాయితీని అనుకరిస్తాడు, నాలుగోవాడు అదంతా పుట్టుకతో వచ్చిన హక్కు అనుకుని పోగొడతాడు. ఈ దుకాణం తరాలను ఆ లెక్కలో పెట్టి చూశాను. యజమాని తండ్రి గుంట మగ్గం మీద కూర్చుని నేసినవాడు. ఇప్పటి యజమాని యౌవనంలో నేసి, నలభై దాటాక వ్యాపారానికి మారినవాడు. ఆయన కొడుకు ఇంజనీరింగ్ చదివి వచ్చి, ఫోన్లో ఫోటోలు పెట్టి బెంగళూరుకు, పూణేకు పార్సిళ్లు పంపుతున్నాడు. ఆ యువకుడికి నూలు నంబర్లు, రంగుల పేర్లు, పార్సిల్ చార్జీలు అన్నీ నోటికి వచ్చు. పంజా పట్టడం మాత్రం రాదు. ఇబ్న్ ఖల్దూన్ లెక్క ప్రకారం ఇది మూడో తరపు అనుకరణ దశ. కానీ ఆయన లెక్క ఇక్కడ ఒక ముఖ్యమైన చోట తప్పుతుంది. సుఖానికి అలవాటుపడి తరం విద్య మరిచిపోతుందని ఆయన చెప్పాడు, ఇక్కడ కష్టం తెలిసిన తండ్రి కావాలనే ఆ విద్యను తెంపేశాడు.

నేను అడిగినప్పుడు యజమాని చెప్పిన మాట ఇది: “మా బాపు నన్ను కొట్టి కూసోబెట్టిండు చెల్లె. నేను మా పోరణ్ని మగ్గం మీద చెయ్యి గూడ పెట్టనియ్యలే. పెడితె చదువు బందైతదని భయం.” ఆ మాటలో పశ్చాత్తాపం నాకు వినిపించలేదు, వినిపించాలని కోరుకోవడం కూడా న్యాయం కాదు.

షెడ్డులో నాలుగు మగ్గాలు ఉన్నాయి, నేను వెళ్లిన రోజు రెండు నడుస్తున్నాయి. నేసేవారిద్దరూ అరవై దాటినవారే. పెద్ద జంపఖానా నేయడానికి ఒక మనిషికి మూడు రోజులు పట్టిందని చెప్పారు. 2,200 రూపాయలలో నూలు, రంగు, దుకాణం ఖర్చు పోను మూడు రోజుల పనికి ఏం మిగులుతుందో ఎవరైనా లెక్కవేసుకోవచ్చు. నేను బేరం ఆడలేదు.

వాళ్లిద్దరి ఈడువాళ్లు, వాళ్ల తర్వాతివాళ్లు ఎటు పోయారన్నది వరంగల్‌లో అందరికీ తెలిసిన కథే. ఏడో నిజాం 1934లో తన పెద్ద కొడుకు పేరుమీద పెట్టించిన ఆజంజాహి మిల్లు ఈ ఊరికి ఒక తరాన్ని తయారుచేసింది. మా నాన్న చేతి గడియారం పెట్టుకున్నా మిల్లు కూత వినే సమయం సరిచేసుకునేవారు. ఆ మిల్లు 2000 దశకం మొదట్లో పూర్తిగా మూతపడింది, దాని భూమి అమ్ముడైంది. అంతకుముందు నుంచే నేతగాళ్లు భివండికి, సూరత్‌కు, షోలాపూర్‌కు వలస పోతూ ఉన్నారు. తరం అంటే పుట్టిన సంవత్సరం కాదని, యౌవనంలో ఒకే దెబ్బ తిన్నవాళ్లంతా ఒక తరమని సమాజశాస్త్రవేత్త కార్ల్ మన్‌హైమ్ 1928లో ఒక వ్యాసంలో వాదించాడు. కొత్తవాడకు ఈ మాట ఇబ్న్ ఖల్దూన్ లెక్కకంటే బాగా అతుకుతుంది. ఇరవై ఏళ్ల ప్రాయంలో రైలెక్కి సూరత్ పవర్‌లూమ్‌ల దగ్గర దిగినవాడూ, అదే ఏడాది ఇక్కడే ఆగి ఆటో కొనుక్కున్నవాడూ ఒకే తరం; ఊళ్లో వాళ్ల పిల్లలు ఇప్పుడు మగ్గాన్ని చూసే చూపు కూడా ఒకటే. గీసుగొండ, సంగెం మండలాల్లో 2017లో శంకుస్థాపన జరిగిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు, వెళ్లినవాళ్లను వెనక్కి రప్పిస్తుందని అప్పట్లో గట్టిగా చెప్పారు. అది ఫ్యాక్టరీ పని. ఈ షెడ్డులోని ఖాళీ మగ్గాల మీదికి అక్కడి నుంచి ఎవరూ వచ్చే వీలు లేదు.

దుకాణం మీద నా అసలు ఫిర్యాదు ముందు గదిలోని అరల గురించి. ఎడమవైపు రెండు అరల్లో హర్యానాలోని పానిపట్ నుంచి వచ్చిన యంత్రపు సరుకు, దాని పక్కనే ఇక్కడి మగ్గం సరుకు కలిపి పెట్టారు, దేనిమీదా చీటీ లేదు. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం చేతి మగ్గానికి కేటాయించిన రకాల్లో జంపఖానా కూడా ఉంది. వరంగల్ జంపఖానాకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అయినా పాలిస్టర్ కలిపిన చాప ఒకటి 700 రూపాయలకు పక్కన కనిపిస్తుంటే, తెలియని మనిషి దాన్నే వరంగల్ జంపఖానా అనుకుని పట్టుకెళ్తాడు. అడిగితే మాత్రం యజమాని దాచలేదు: “గది పానిపట్ మాల్ చెల్లె, గిది మన మగ్గం మాల్. జనం అగ్గువది అడుగుతరు, ఏం జేస్తం?” నిజం చెప్పే మనిషి, చీటీ కూడా అతికిస్తే ఇంకా బాగుండేది. వెళ్లేవారు రెండు వైపులా తిప్పి చూడాలి. వెనుక నమూనా మసకగా ఉన్నా, దారాలు తేలి ఉన్నా అది మగ్గంది కాదు. అనుమానం తీరకపోతే కుచ్చులోంచి ఒక పోగు అడిగి కాల్చి చూడండి, నూలు కాగితంలా కాలి బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి ముద్ద కడుతుంది. ఈ పరీక్షకు వారు మొహం చిట్లించలేదు.

పార్సిల్ చెప్పిన రోజుకంటే వారం ఆలస్యంగా హైదరాబాద్ చేరింది. ప్యాకింగు గట్టిగానే ఉంది, కానీ లోపల రసీదు లేదు, ఫోను చేస్తే కొడుకు అదే రోజు పంపాడు. డబ్బు ఫోన్ ద్వారా పంపవచ్చు. దుకాణం ముందు కారు ఆపే చోటు లేదు, ఆటోలో వెళ్లడం మేలు.

పది మార్కులకు పెద్ద జంపఖానాకు ఎనిమిదిన్నర, చారలదానికి ఆరు, దుకాణానికి ఏడు వేస్తాను. ఎలుకలు కొరికిన మా నాన్న జంపఖానా పన్నెండడుగుల పొడవు, తొమ్మిదడుగుల వెడల్పు. అదే కొలతతో ఒకటి నేయించాలని మొన్న ఈ నెలలో మళ్లీ వెళ్లి అడిగాను. బయానా 2,000 రూపాయలు తీసుకుని, పుస్తకంలో రాసుకుని, యజమాని గడువు మాత్రం వేయలేదు. ఎప్పటికి అవుతుందని అడిగితే, “అంత వెడల్పుకు ఇద్దరు పక్కపక్కన కూసోవాలె చెల్లె. ఒకాయన గిక్కడ్నే ఉన్నడు. రెండో ఆయన సూరత్‌ల ఉన్నడు, బతుకమ్మకు ఇంటికొస్తడు. గా పది రోజులల్ల నేపిస్త” అన్నాడు.