గడియారం వెంట నడవడమా, పని వెంట నడవడమా?

రోజుకున్న 86,400 సెకన్లను గంటలవారీ పట్టిక ప్రకారం వాడుకోవడం ఒక పద్ధతి. చేపట్టిన పని ముగిసేదాకా గడియారం వైపు చూడకపోవడం మరొకటి. నలుగురూ కలిసి చేసే పనులకు మొదటిదే తగినది, ఎందుకంటే సమావేశానికి ఒక్కరు పావుగంట ఆలస్యంగా వచ్చినా, ఎదురుచూసే ఎనిమిది మందివి కలిపి రెండు గంటలు వృథా అవుతాయి. అయితే రాయడం, లెక్క సాధించడం వంటి ఏకాగ్రత కోరే పనులకు అది అంతగా నప్పదు. ఆలోచన ఒక కొలిక్కి వస్తున్న సమయంలోనే గంట మోగితే, దాన్ని మళ్లీ అందుకోవడానికే చాలాసేపు పడుతుంది. అక్కడ నా మొగ్గు రెండో పద్ధతికే. దానికీ ఒక లోపముంది: గడువు లేని పని ఎంత సమయమిచ్చినా మింగేస్తుంది. కనుక ముగించవలసిన తేదీని మాత్రం ముందే నిర్ణయించుకొని, రోజులోని గంటలను పనికే వదిలేయవచ్చు.