పొయ్యిలు కట్టాలా, మరుగుదొడ్లు కట్టాలా?

వెనుకబడిన పల్లెల్లో వాలంటీర్‌గా పనిచేయాలనుకునేవాళ్లు ఉండగలిగేది కొన్ని రోజులే అయితే పొయ్యిలే ఎంచుకోండి.

మట్టి, ఇటుకలతో ఒక పొయ్యిని ఒక్క రోజులో కట్టేయొచ్చు, ఆరడానికి మాత్రం ఇంకొన్నాళ్లు కావాలి. పాత పొయ్యి కంటే దీనికి కట్టెలు తక్కువ పడతాయి, గొట్టం సరిగ్గా పెడితే పొగ చాలావరకు బయటికి పోతుంది. వంటపొగ వల్ల 2020లో దాదాపు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా, కాబట్టి ఇదేమీ చిన్న పని కాదు. కాకపోతే వండే ఆవిడను అడక్కుండా కట్టి, తీరా ఆమె గిన్నె దానిమీద కుదరకపోతే, మళ్లీ పాత పొయ్యే వెలిగిస్తుంది. గొట్టంలో మసి దులపడం కూడా నేర్పించే రావాలి.

మరుగుదొడ్డి అలా తేలే పని కాదు. గుంత అడుగుభాగం భూగర్భజల మట్టానికి కనీసం 1.5 మీటర్లు పైన ఉండాలి, బావికి 30 మీటర్ల దూరం పాటించాలి, నేల రకాన్ని బట్టి ఈ లెక్క మారొచ్చు కూడా. రెండు గుంతలు తవ్వితే మంచిది: ఒకటి నిండాక మూసేసి రెండోది వాడుకుంటారు, మొదటిది రెండేళ్లలో ఎరువవుతుంది. అసలు కష్టం మాత్రం తవ్వకంలో లేదు. సగం ఊరు ఇంకా ఆరుబయటికే వెళ్తుంటే, మరుగుదొడ్డి ఉన్న ఇంటి పిల్లలకూ విరేచనాలు తప్పవు. ఇంటింటికీ తిరిగి అందరినీ ఒప్పించాలి, దానికి నెలలు పడుతుంది. అంత సమయం ఉన్నవాళ్లు దయచేసి ఈ పనే తీసుకోండి, స్థానిక మేస్త్రీని మొదటి రోజు నుంచే వెంట పెట్టుకోండి.