బ్లేడు మీద ‘ఎం390’ అని చెక్కి ఉంటే చాలదు: బెజవాడ, గుంటూరు కొనుగోలుదారులకు హెచ్చరిక

మూడు వేలకో మూడున్నర వేలకో ‘ఒరిజినల్ ఎం390 మడత కత్తి’ అని వాట్సాప్ గ్రూపుల్లో, ఇన్‌స్టా పేజీల్లో తిరుగుతున్న సరుకుకు డబ్బు పంపబోయేవాళ్ళు ఒక్క పది నిమిషాలు ఆగి ఇది చదవండి. విజయవాడ, గుంటూరుల్లో ఈ కత్తులు కొన్నవాళ్ళ ఫిర్యాదు ఒకే తీరుగా ఉంటోంది. పిడి బాగుంటుంది, బేరింగుల మీద బ్లేడు జారుగా తెరుచుకుంటుంది, ఉక్కు పేరు లేజర్‌తో నీటుగా చెక్కి ఉంటుంది. పదిపన్నెండు అట్టపెట్టెలు కోసేసరికి అంచు మొద్దుబారుతుంది. అమ్మినతన్ని అడిగితే ‘ఒకసారి సాన పట్టించండి సార్, సెట్ అయిపోద్ది’ అంటాడు. సాన పట్టించాక ‘వాడిన వస్తువు వెనక్కి తీసుకోం’ అంటాడు. మోసమంతా ఈ రెండు మాటల మధ్యే ఉంది. కాబట్టి ఏ పరీక్ష ముందు చేయాలి, ఏది తర్వాత చేయాలి అన్న వరుస ఇక్కడ చాలా ముఖ్యం.

ముందు ధర సంగతి. ఎం390 అనేది ఆస్ట్రియాలోని బోలర్ తయారు చేసే పౌడర్ మెటలర్జీ (లోహపు పొడిని అదిమి చేసే) ఉక్కు. కార్బన్ 1.9 శాతం, క్రోమియం 20 శాతం, వెనేడియం 4 శాతం వరకు ఉంటాయి. ముడి ఉక్కే ఖరీదు. వెనేడియం కార్బైడ్లనే గట్టి కణాల వల్ల దాన్ని గ్రైండ్ చేయడం కష్టం, బెల్టులు త్వరగా అరిగిపోతాయి. గట్టిపరచడానికి 1150 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేయాలి, మామూలు స్టెయిన్‌లెస్‌కు వాడే 1000–1050 డిగ్రీలు దానికి చాలవు. పేరున్న కంపెనీల ఎం390 కత్తులు విదేశాల్లోనే సాధారణంగా 100 డాలర్లకు అటూఇటూగా మొదలవుతాయి. దాని మీద రవాణా, కస్టమ్స్ సుంకం పడ్డాక మన చేతికి మూడు వేలకు ఎలా వస్తుంది? ‘ఫ్యాక్టరీ ఓవర్‌రన్’, ‘కస్టమ్స్ వేలం సరుకు’ అనే జవాబులు నమ్మకండి. బిల్లు అడగగానే ఆ కథ ఆగిపోతుంది.

ఇలాంటి ధరకు వచ్చే బ్లేడు ఎక్కువగా 3సీఆర్13, 420జే2 వంటి తక్కువ కార్బన్ స్టెయిన్‌లెస్ అయి ఉంటుంది. వీటిలో కార్బన్ సుమారు 0.3 శాతమే. ఎంత బాగా పాయనం పెట్టినా (వేడి చేసి, ముంచి గట్టిపరచినా) రాక్‌వెల్ సి అనే గట్టిదనం కొలతలో 52–54 దాటడం కష్టం. సరైన ఎం390 కత్తి 60–62 దగ్గర ఉంటుంది. కాస్త అదృష్టం ఉంటే 8సీఆర్13ఎంఓవీ దొరుకుతుంది, అది 57–59 దాకా వెళ్తుంది. దాని అసలు పేరుతో, దాని అసలు ధరకు అమ్మితే అది పనికొచ్చే ఉక్కే, తప్పు పట్టాల్సిన పని లేదు. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఉక్కు నిజంగా ఎం390యే అయినా, పాయనం సరిగ్గా పడకపోతే చవకైన స్టెయిన్‌లెస్ రకం 14సీ28ఎన్‌తో చేసిన మంచి కత్తి ముందు అది తేలిపోతుంది. మన కమ్మరి ఒక లారీ కమాను పట్టీతో చేసిన కత్తి ఏళ్ళ తరబడి పనిచేస్తుంటే, ఇంకొకరు అదే పట్టీతో చేసింది నెలకే వంగిపోవడం పల్లెల్లో చాలామంది చూసిందే.

డబ్బు పంపే ముందు అడగాల్సినవి మూడే. జీఎస్‌టీ నంబరున్న బిల్లు ఇస్తారా? పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఏ దేశంలో తయారైంది, ఎంఆర్‌పీ ఉన్నాయా, ఉంటే ఆ స్టిక్కర్ ఫొటో పంపుతారా? బ్లేడు తెరిచి, లాక్ ఉన్న వైపు నుంచి దగ్గరగా తీసిన ఫొటో పంపుతారా? 2011 నాటి తూనికలు కొలతల ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం దిగుమతి చేసి అమ్మే ప్యాకెట్ మీద ఆ వివరాలు ఉండి తీరాలి. వాటిని చూపించకుండా ‘ముందు యూపీఐ కొట్టండి’ అనే వాళ్ళకు పైసా పంపొద్దు.

పార్సిల్ రాగానే సీలు కోయడం దగ్గర్నుంచి కత్తి రెండు వైపులా చూపించే దాకా ఆపకుండా ఒకే వీడియో తీయండి. తర్వాత గీత పడని పరీక్షలు.

మొదటిది అయస్కాంతం. ఇక్కడ మన అలవాటే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. స్టీలు గిన్నెలు కొనేటప్పుడు అయస్కాంతం అంటుకోకపోతే మంచి 304 స్టీలని మురిసిపోతాం. కత్తికి ఇది సరిగ్గా తిరగబడుతుంది. పాయనంతో గట్టిపడే కత్తి ఉక్కులన్నీ అయస్కాంతానికి అంటుకుంటాయి. అంటుకోని 304 రకం వేడి చేసి ముంచినా గట్టిపడదు, అది గిన్నెకు పనికొస్తుంది గానీ అంచుకు పనికిరాదు. అంటుకోకపోతే ఆ బ్లేడు వెంటనే వెనక్కి పంపండి. అయితే అంటుకున్నంత మాత్రాన ఎం390 అని కాదు, 3సీఆర్13 కూడా గట్టిగానే అంటుకుంటుంది.

రెండోది లాక్. ఉక్కు మెత్తనైతే డబ్బే పోతుంది, లాక్ జారితే వేలు పోతుంది. అందుకే దీని మీద ఎక్కువ సమయం పెట్టండి. లైనర్ లాక్, ఫ్రేమ్ లాక్ కత్తుల్లో (పిడి లోపలి రేకో పిడి గోడో స్ప్రింగులా వచ్చి బ్లేడును ఆపే రకాల్లో) బ్లేడు పూర్తిగా తెరిచాక లాక్ పట్టీ బ్లేడు మడమ (పిడి దగ్గరి మొదలు) వెడల్పులో మూడో వంతు నుంచి సగం దాకా ఆనాలి. కొసన అంటీ అంటనట్టు ఉంటే జారుతుంది. కొత్త కత్తిలోనే పట్టీ అవతలి గోడను తాకుతుంటే అరుగుదలకు చోటు లేదని అర్థం. బ్లేడును వేళ్ళతో పట్టి పక్కలకు ఊపండి. కొద్దిగా కదిలితే పివట్ స్క్రూ (బ్లేడు తిరిగే ఇరుసు) ఎనిమిదో వంతు తిప్పు బిగిస్తే సర్దుకోవచ్చు. పైకీ కిందికీ కదిలితే మాత్రం లాక్ ముఖం కోణం తప్పిందన్నమాట, బిగించినా పోదు. ఆ తర్వాత మందపాటి గ్లవ్ వేసుకుని, బ్లేడు మూసుకునే దారిలో వేళ్ళు లేకుండా పిడిని వెనక్కి పట్టుకుని, బ్లేడు వీపును మడతపెట్టిన తువ్వాలు మీద మెల్లగా రెండు మూడు సార్లు తట్టండి. సుత్తిలా బాదొద్దు, అలా బాదితే మంచి లాక్ కూడా దెబ్బతింటుంది. మెల్లగా తట్టినా మూసుకుపోయే కత్తిని పండు కోయడానికి కూడా వాడొద్దు. నకిలీల్లో ఈ లోపం తరచూ కనబడేది లైనర్ పల్చటి రేకుతో చేసిన వాటిలో, లాక్ ముఖం చేత్తో ఇష్టమొచ్చినట్టు గ్రైండ్ చేసిన వాటిలో.

మూడోది ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్, అంటే ఎక్స్-రే కిరణాలతో లోహాన్ని చదివే చేతి యంత్రం. స్టెయిన్‌లెస్ తుక్కు పెద్దఎత్తున కొనేవాళ్ళు, మెటీరియల్ టెస్టింగ్ ల్యాబులు దీన్ని వాడతారు. కొన్ని సెకన్లలో లోహాల శాతాలు చూపిస్తుంది, గీత కూడా పడదు. కార్బన్‌ను మాత్రం చదవలేదు. అయినా మనకు చాలు. క్రోమియం 13 దగ్గర ఆగి, వెనేడియం దాదాపు సున్నా అని వస్తే అది ఎం390 కాదు. డి2 అనే ఇంకో రకం ఉక్కు అని అమ్మినదైతే క్రోమియం 12 దగ్గర, మాలిబ్డినం, వెనేడియం ఒక్కో శాతం దరిదాపుల్లో కనబడాలి. ఆ స్క్రీన్ ఫొటో, కత్తి పక్కనే పెట్టి తీసినది, రిటర్న్ గొడవలో పదునైన సాక్ష్యం.

ఈ మూడింటిలో ఏది తప్పినా అక్కడే ఆగి వెనక్కి పంపండి. ఇక కిందివన్నీ ఉంచుకుందామనుకున్న కత్తికే, ఎందుకంటే ఇవి గుర్తులు వదులుతాయి.

రాక్‌వెల్ పరీక్ష చిన్న గుంట పెడుతుంది. ఆటోనగర్‌లో తెలిసిన మెషిన్ షాపు ఉంటే అది ఎక్కడ చేస్తారో కనుక్కోవచ్చు. బ్లేడు రెండు ముఖాలూ సమాంతరంగా ఉండే మడమ దగ్గరే పెట్టమనండి, ఏటవాలు మీద పెడితే అంకె తప్పు వస్తుంది. అంత దూరం వద్దనుకుంటే ఆరు మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీ చాలు. దాన్ని వైస్‌లో పట్టించి, అంచును సాన పట్టే కోణంలోనే దాని మీద ఆనించి మెల్లగా నొక్కుతూ లాగండి. దీపం వెలుగులో చూస్తే అంచు కొద్దిగా వంగడం కనబడుతుంది. వదిలాక తిరిగి నిటారుగా వస్తే పాయనం బాగుంది. వంగి అలాగే ఉండిపోతే మెత్తన, పెచ్చు ఊడితే మరీ పెళుసు.

ఇక్కడ అమ్మేవాళ్ళ పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. మంచి కత్తుల్లో కూడా ఫ్యాక్టరీ అంచు మొదట్లో త్వరగా పోవచ్చు. బెల్టు మీద నీళ్ళు లేకుండా పదును పెట్టినప్పుడు అంచు చివర సన్నటి పొర వేడెక్కి మెత్తబడుతుంది. రెండు మూడు సార్లు రాయి మీద చేత్తో పదును పెడితే ఆ పొర పోయి అసలు ఉక్కు బయటపడుతుంది. కాబట్టి మొదటి వారం అంచు పోయిందని మాత్రమే నకిలీ అనకండి. పక్కకు 20 డిగ్రీల చొప్పున, ముందు 400, తర్వాత 1000 గ్రిట్ (గరుకు) రాయి, చివర తోలు మీద నాలుగైదు లాగుళ్ళు. మూడోసారి తర్వాత కూడా పురికొస పది ముక్కలు కోయగానే కాగితం మీద జారిపోతుంటే అప్పుడు అనుమానించండి. నిజమైన ఎం390 మామూలు అల్యూమినియం ఆక్సైడ్ రాయి మీద మొండికేస్తుంది, దానికి డైమండ్ ప్లేటు కావాలి. ‘ఎం390’ అనుకున్నది మామూలు రాయి మీద వెన్నలా అరిగిపోతే అదే ఒక సూచన.

వీధిలో చక్రం తిప్పుతూ సాన పట్టే వాళ్ళకు మాత్రం మడత కత్తి ఇవ్వొద్దు. నిప్పురవ్వలు ఎగిరే పొడి చక్రం మీద అంచు నీలం రంగు తిరిగిందంటే అది సుమారు 300 డిగ్రీలు దాటినట్టు. ముంచాక 200 డిగ్రీల దగ్గర మళ్ళీ కాచి పాయనం పూర్తి చేసిన ఉక్కు ఆ చోట మెత్తబడిపోయింది, ఆ మేరకు అరగదీసి తీసేయడం తప్ప మార్గం లేదు.

‘డమాస్కస్’ గురించి. పాత డమాస్కస్ కత్తులకు వాడిన ఉక్కు పేరు ‘వూట్జ్’. తెలుగు, కన్నడల్లోని ఉక్కు అనే మాట నుంచే అది పుట్టిందని ఎక్కువమంది పండితులు చెబుతారు, నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఆ మూస ఉక్కుకు పేరుపడ్డ ఊరు. ఇప్పుడు డమాస్కస్ పేరుతో అమ్మేది అది కాదు. రెండు రకాల ఉక్కు పొరలను కొలిమిలో అతికి సాగదీసినది. అది కూడా మంచిదే, నిజమైతే. చవకవాటిలో చాలావరకు మామూలు స్టెయిన్‌లెస్ మీద లేజర్‌తో వేసిన బొమ్మ. బ్లేడు వీపు చూడండి. అసలుదైతే గీతలు వీపు మీదుగా అవతలి వైపుకు సాగుతాయి, బొమ్మ అయితే అంచు దగ్గరే తెగిపోతుంది. తేల్చుకోవాలంటే మడమ దగ్గర చిన్న చోట 600 గ్రిట్ ఎమెరీ కాగితంతో రుద్ది, ఎలక్ట్రానిక్స్ షాపుల్లో సర్క్యూట్ బోర్డుల కోసం అమ్మే ఫెర్రిక్ క్లోరైడ్‌ను పల్చన చేసి ఒక చుక్క కొద్ది నిమిషాలు ఉంచండి. గ్లవ్స్ తప్పనిసరి. గీతలు తిరిగి తేలితే అసలుది.

నకిలీ విక్టోరినాక్స్‌లు (స్విస్ కంపెనీ బహుళ పనుల జేబు కత్తులు) కూడా బాగా తిరుగుతున్నాయి. అసలుదానిలో పొరల మధ్య రేకులు అల్యూమినియం, అయస్కాంతం వాటికి అంటదు, బ్లేడుకూ స్ప్రింగుకూ అంటుతుంది. పెద్ద బ్లేడు మడమ మీద కంపెనీ పేరు, స్విస్ మేడ్ అన్న ముద్ర స్పష్టంగా ఉండాలి. కత్తెర స్ప్రింగు రెండు రోజుల్లో ఊడితే ఇక చూడాల్సింది లేదు.

డి2 కొన్నవాళ్ళు ‘తుప్పు పట్టింది, నకిలీ’ అని వెనక్కి పంపడం కూడా జరుగుతోంది. అది మోసం కాదు. డి2లో క్రోమియం 12 శాతం ఉన్నా చాలా భాగం కార్బైడ్లలో చిక్కుకుంటుంది, తుప్పును ఆపడానికి మిగిలేది తక్కువ. కృష్ణ ఒడ్డు ఉక్కలో, చెమట జేబులో, ఆవకాయ రోజుల్లో పుల్లటి మామిడికాయ కోసి తుడవకుండా మడిస్తే తెల్లారేసరికి మచ్చలు ఖాయం. కడిగి, ఆరబెట్టి, మందుల షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ సన్నగా రాయండి. కొబ్బరినూనె వద్దు, చలికి పివట్‌లో గడ్డకడుతుంది.

అదే మూడు వేలకు అసలు పేరుతో అమ్మే 14సీ28ఎన్ కత్తి దొరికితే మన వాతావరణానికి అదే సరి: కార్బన్ 0.62 శాతం, క్రోమియం 14, కొంచెం నైట్రోజన్. తుప్పును బాగా ఆపుతుంది, మామూలు రాయి మీదే పదునెక్కుతుంది. ఒపినెల్ అనే ఫ్రెంచ్ కంపెనీ చేసే నంబర్ 8 ఇంకా చవక, స్టెయిన్‌లెస్ రకమే తీసుకోండి. వానాకాలంలో దాని చెక్క పిడి ఉబ్బి బ్లేడును పట్టేస్తుంది, బలంగా గోటితో లాగకుండా పిడి చివర బల్ల మీద తడితే బ్లేడు కొంచెం బయటికి వస్తుంది.

ఏది కొన్నా బటన్ నొక్కితే స్ప్రింగుతో లేచే రకం జోలికి పోవద్దు. ఆయుధ నిబంధనలు 2016లో తొమ్మిది అంగుళాల పొడవు లేదా రెండంగుళాల వెడల్పు మించిన బ్లేడ్ల ప్రస్తావన ఉంది, మన జేబు కత్తులు దానికి చాలా తక్కువే. అయినా విమానం క్యాబిన్‌కూ కోర్టుకూ, దుర్గమ్మ కొండకూ వెళ్ళేటప్పుడు ఇంట్లోనే వదిలేయండి.

ఇప్పటికే మోసపోయినవాళ్ళు ఆ చాట్ డిలీట్ చేయకండి. వీడియో, యూపీఐ రసీదు, ఎక్స్‌ఆర్‌ఎఫ్ ఫొటో ఒకచోట పెట్టి, ముందు అమ్మినతనికి రాతపూర్వకంగా పంపండి. ఈ-కామర్స్ వేదిక ద్వారా కొంటే 2020 నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్: అయిదు లక్షల లోపు విలువకు ఫీజు లేదు, గడువు రెండేళ్ళు. డబ్బు తీసుకుని వస్తువే పంపకుండా నంబరు బ్లాక్ చేస్తే అది సైబర్ మోసం, అదే గంటలో 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమయ్యే కొద్దీ ఆ ఖాతాలోని డబ్బు చేతులు మారిపోతుంది.