మెదక్ చర్చి సందర్శన: భవనం, ఆరాధన, అందరికీ తెరిచిన ద్వారం

మెదక్ కెథడ్రల్‌ను చూసి వచ్చినవారిలో ఎక్కువ మంది దాని గోపురం ఎత్తు గురించి, రంగుటద్దాల కిటికీల గురించి చెబుతారు. రెండూ చెప్పుకోదగినవే. అయితే ఒక ఆరాధన స్థలానికి విలువ కట్టవలసి వస్తే, దాని గడప లోపలికి ఎవరెవరు జంకు లేకుండా నడిచి వస్తున్నారన్నదే నేను ముందుగా గమనిస్తాను. ఆ విషయంలో తెలుగు నేల మీద నేను చూసిన చర్చిలలో మెదక్‌కే మొదటి స్థానం ఇస్తాను.

వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ ఆధ్వర్యంలో 1914లో మొదలైన ఈ నిర్మాణం పదేళ్లు సాగి, 1924 డిసెంబరు 25న ఆరాధనకు తెరుచుకుంది. అది మొదటి ప్రపంచ యుద్ధం, కరువు ఒకదాని వెంట ఒకటి జనాన్ని కుంగదీసిన కాలం. చుట్టుపక్కల పల్లెల్లో పనులు లేక పస్తులున్నవారికి ఇక్కడ పని కల్పించి, ఆ కష్టానికి ప్రతిఫలంగా తిండి పెట్టారని మెదక్ ప్రాంతంలో పెద్దలు నేటికీ చెప్పుకుంటారు. బిచ్చమెత్తుకోనవసరం లేకుండా, తలవంచకుండా ఇంటికి గింజలు పట్టుకెళ్లగలిగిన మనిషికి ఆ రోజు అందినది కూలి ఒక్కటే అని నేను అనుకోను. దేవుని ప్రేమ గురించి ఎంత గొప్పగా ప్రసంగించినా, ఆకలితో ఉన్నవాడి చెవికి అది చేరే దారి ముందు అతని కంచం మీదుగానే పోతుంది.

ఇక్కడ చాలామంది అడిగే ప్రశ్న ఒకటి ఉంది. కరువు కాలంలో 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు గల మందిరం, 175 అడుగుల గంట గోపురం, బ్రిటన్ నుండి ఓడల్లో తెప్పించిన నేల పలకలు, వాటిని పరచడానికి ఇటలీ మేస్త్రీలు, ఇంత ఆడంబరం ఎందుకని. ఆ ప్రశ్న న్యాయమైనదే. కానీ ఆ తరంలో ఈ ప్రాంతంలో క్రీస్తు సంఘంలో చేరినవారిలో ఎక్కువ మంది మాల, మాదిగ కుటుంబాలవారన్న సంగతిని మరచి దానికి సమాధానం చెప్పలేము. ఊరి గుడి గడప తొక్కనివ్వక, ఊరి బావిలో చేద వేయనివ్వక దూరంగా నిలబెట్టిన మనుషులు, తమ చేతులతో చెక్కిన రాతి స్తంభాల నడుమ, సుమారు 5,000 మంది పట్టే మందిరంలో, అందరితో పాటు సమానంగా కూర్చున్నారు. పేదవాళ్లకు పూరిపాకే చాలునని ఎవరూ వారికి చెప్పలేదు. ఆ ఖర్చులో ప్రతి రూపాయినీ నేను సమర్థించలేను గానీ, దాని వెనుక ఉన్న గౌరవభావాన్ని మాత్రం మనసారా సమర్థిస్తాను.

కిటికీలను పగటిపూటే చూడాలి, ఎండ కాసే రోజైతే మరీ మంచిది. ఇంగ్లండు చిత్రకారుడు ఫ్రాంక్ ఓ. సాలిస్‌బరీ రూపకల్పన చేసిన ఈ మూడు కిటికీలలో క్రీస్తు జననం, సిలువ మరణం, ఆరోహణం (పరలోకానికి ఎక్కిపోవడం) కనిపిస్తాయి. బయటి వెలుగు తగిలితేనే అద్దాలలోని బొమ్మలకు ప్రాణం వస్తుంది కాబట్టి, పొద్దు గుంకిన తరువాత వెళ్లినవారికి లోపలి నుండి చీకటి పలకలు తప్ప ఏమీ కనిపించవు. జననం ఉన్న కిటికీ ఎదుట తీరికగా నిలబడండి. బోధకుడి అవసరం లేకుండా, అక్షరం రానివారు కూడా సువార్తను చదువుకోగలిగేలా ఆ మూడు కిటికీలను అమర్చడంలో ఎంతో ఆలోచన ఉంది. నేను అక్కడ ఉండగా, నుదుట బొట్టు, చంకలో పసిబిడ్డతో ఉన్న ఒక తల్లి సిలువ కిటికీ వైపు చూపిస్తూ పక్కనున్న పెద్ద పిల్లకు ఆ కథంతా తన మాటల్లో చెబుతోంది. కథలో ఒకటి రెండు సంగతులు తారుమారైనా, ఎవరూ ఆమెను సరిదిద్దబోలేదు.

ఆదివారం ఆరాధన తెలుగులో, ఈ చర్చి చెందిన దక్షిణ ఇండియా సంఘపు (సి.ఎస్.ఐ.) క్రమం ప్రకారం జరుగుతుంది. ఆంగ్లికన్, మెథడిస్టు తదితర సంఘాలు తమ పాత గోడలను తీసివేసి 1947 సెప్టెంబరు 27న ఒకే సంఘమైనప్పుడు, మెదక్ ఒక అధ్యక్ష మండలానికి, అంటే ఒక బిషప్ పర్యవేక్షణలోని ప్రాంతానికి, కేంద్రమైంది. యేసు చివరి భోజనాన్ని తలచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభు రాత్రి భోజన సంస్కారం ఉన్న రోజున బల్ల దగ్గరికి సంఘ నియమం ప్రకారం విశ్వాసులు వెళతారు. అన్య మతస్థులైన సందర్శకులు తమ చోట కూర్చుని ఉండవచ్చు. అందరినీ పిలిచే ప్రభువు బల్లకు ఒక నియమం ఉండటం కొందరికి వింతగా తోచవచ్చు. నేను దానిని బహిష్కరణగా చూడను, ఎందుకంటే ఆశీర్వాద ప్రార్థన కోరి వచ్చిన ఎవరికైనా పాస్టరు తలపై చేయి ఉంచి ప్రార్థిస్తారు. ఆ వరుసలో బురఖాలు, పసుపు తాళ్లు, సిలువ గొలుసులు పక్కపక్కనే కనిపిస్తాయి. “ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా” అన్న ప్రభువు పిలుపులో ‘సమస్త’ అన్నదానికి ఇంతకంటే తేటైన అర్థం నాకు ఏ ప్రసంగంలోనూ దొరకలేదు.

క్రిస్మస్ నాడు ఆరాధన తెల్లవారుజామునే మొదలవుతుంది. రాష్ట్రం నలుమూలల నుండి, సరిహద్దు జిల్లాల నుండి కూడా జనం వస్తారు. ఆ సందడిని ఒకసారైనా చూడవలసిందే. అయితే మోకాళ్లూని నిదానంగా ప్రార్థించుకోవాలనుకునేవారికి, నడవలేని పెద్దలను వెంటబెట్టుకొని వచ్చేవారికి ఆ రోజు తగినది కాదు. వారు మామూలు రోజున ఉదయం పూట రావడం మేలు. లోపల ప్రార్థనలో ఉన్నవారి ఎదుట నిలబడి ఫోన్లు ఎత్తడం మాత్రం ఏ రోజైనా తప్పే. ఈ విషయంలో సందర్శకులలో విశ్వాసులు, అవిశ్వాసులు అన్న తేడా నాకు కనిపించలేదు.

హైదరాబాదు నుండి మెదక్ సుమారు 100 కిలోమీటర్లు ఉంటుంది. బస్సులు పుష్కలంగా ఉన్నాయి, 2022లో కాచిగూడ నుండి రైలు సౌకర్యం కూడా వచ్చింది. ఒక్క రోజులో చర్చిని, ఊరి కొండ మీద ఉన్న కోటను రెండింటినీ చూసి రావచ్చు. నా సలహా అడిగితే మాత్రం కోటను ఇంకో ప్రయాణానికి వదిలి, ఆ పూటంతా చర్చి ఆవరణలోనే గడపమంటాను. పిల్లలు వెంట ఉంటే ఆ రాళ్లు మోసినవారెవరో, ఏ కాలంలో మోశారో లోపలికి అడుగుపెట్టక ముందే వారికి చెప్పండి.